రొంత తిప్పితే రొంతే పెరగాల

మా అన్న బెంగుళూరులో పనిచేసే రోజుల్లో మోజుపడి ఒక బేస్ గిటారు కొన్నాడు. వాయించడం వచ్చేలోపలే ఉత్తరాదికి బదిలీ అయింది. గిటారును మదనపల్లెలో మా ఇంట్లో దించి, "ఎవరైనా అడిగితే అమ్మేయండి" అని చెప్పి వెళ్ళాడు. ఎవరూ అడగలేదు. నేను ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరిన కొత్త. ఆదివారాలు చర్చిలో మామూలు గిటారు వాయించేదాన్ని. ఆరు తీగలు వాయించేదానికి నాలుగు తీగలు ఎంతలే అనుకుని దాన్ని చేతిలోకి తీసుకున్నాను. తీగలు బట్టలారేసే తాళ్ళంత లావు. నెల తిరిగేసరికి చాక్‌పీసు పట్టుకోవడానికి కూడా వేళ్ళు ఒప్పుకోలేదు.

డెబ్బైల చివర్లో మా ఊళ్ళో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. దాన్ని నడిపే ఆయన బజార్లో గుండీలు, లేసులు, దర్జీ సామాన్లు అమ్మే ముసల్మాను వ్యాపారి. అందరూ భాయ్ అనే పిలిచేవాళ్ళు. అకార్డియన్ వాయిస్తే బజారు బజారంతా ఆగి వినేది. మా ఇంట్లో బేస్ గిటారు ఉందని ఎవరో చెబితే ఒక సాయంత్రం వచ్చాడు.

"గిటారు ఇస్తే సాలు అమ్మా," అన్నాడు మా అమ్మతో. "వాయించేవాడ్ని నేను తెచ్చుకుంటా."

"గిటారు కావాలంటే నాతో కలిపే తీసుకోవాల భాయ్," అన్నాను లోపలినుంచి.

భాయ్ ఇబ్బందిగా నవ్వాడు. "అట్ల కాదు బేటీ. ఆడపిల్ల స్టేజీ మీద బేస్ వాయిస్తే జనం పాట వినరు. నిన్నే సూస్తారు."

"మంచిదే గదప్పా," అంది అమ్మ. "మీ పాడేటోళ్ళు తప్పు పాడినా ఎవురికీ తెలీదు."

అంతటితో ఆ మాట ముగిసింది. ప్రతి ప్రోగ్రాముకూ తనూ వస్తానని అమ్మ ఒక్క షరతు పెట్టింది. నాన్న పోయినప్పటినుంచి ఇంట్లో ఒక్కతే కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని ఎక్కడికి వెళ్ళినా, స్టేజీ పక్కన నా యాంప్లిఫైయర్ పెట్టెకు ఆనించి ఒక మడత కుర్చీ వేసేవాళ్ళం. అమ్మ అందులో కూర్చుని కాఫీ తాగుతూ వినేది. తిరుగు బస్సులో తీర్పు చెప్పేది.

"నీ వాయింపు నా చెవులకైతే వినపళ్ళా. వీపుకు మాత్రం బాగా తెలిసింది."

బేస్ గిటారు అంతే. అది ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. లేనప్పుడు పాట బోసిపోతుంది, ఎందుకు బోసిపోయిందో ఎవరికీ తెలియదు. ఈ మాట చెబితే అమ్మ, "మన ఇండ్లల్లో ఆడోళ్ళ సంగతి గూడా అంతే, దానికి గిటారు యాల?" అనేది.

మా గిటారు మీద రెండు నాబ్‌లుండేవి. ఒకటి శబ్దం పెంచడానికి, ఇంకొకటి టోనుకు, అంటే మోతలోని పదును తగ్గించడానికి. నాబ్ కింద, గిటారు పొట్టలో, గుండ్రటి చిన్న డబ్బా ఉంటుంది. రేడియోవాళ్ళు దాన్ని కంట్రోల్ అంటారు. అందులో నల్లటి కర్బనం పూసిన చుట్టు మీద ఒక ముల్లు జరుగుతుంది. జరిగేకొద్దీ శబ్దం పెరగడమో తగ్గడమో జరుగుతుంది. మా శబ్దం కంట్రోలు ముసలిదైపోయి తిప్పినప్పుడల్లా గరగరమనేది. చివరికి గుర్రంకొండలో ఒక బడి వార్షికోత్సవంలో, సరిగ్గా పాట మధ్యలో, దాని ఊపిరి ఆగింది.

మదనపల్లె బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే అంగడి ఉండేది. దాని యజమానికి పని కంటే వాదన ఇష్టం. గిటారును బల్ల మీద పడుకోబెట్టి, వెనక మూత తీసి, సొరుగంతా గాలించాడు.

"రేడియోలో వేసేది ఉండాది గానీ, దాని వెనక ఆన్ ఆఫ్ స్విచ్ ఉంటాది. నీ లావు గిటారు పొట్టలో పట్టదు. ఇదిగో, ఈ రకం పట్టుతాది. ఓముల విలువ గూడా అదే."

"రెంటికీ ఏమన్నా తేడా ఉండాదా అన్నా?"

"ఇది లీనియర్. సగం తిప్పితే సగం, ముప్పాతిక తిప్పితే ముప్పాతిక. లెక్క తప్పదు. లెక్కల టీచరమ్మవు, నీకు నచ్చకుంటే ఇంకెవురికి నచ్చాల?"

నిజమే, నాకు బాగా నచ్చింది. సగానికి సగం అనే మాట ఎంత న్యాయంగా ఉంది! టోన్ కంట్రోలు కూడా అరిగిపోయిందని అదే రకం ఇంకొకటి వేయించుకుని ఇంటికొచ్చాను. యాంప్లిఫైయర్ ఆర్కెస్ట్రాది. అది భాయ్ అంగడిలో ఉండేది. అందువల్ల పరీక్షించే వీలు లేకుండానే పుంగనూరు ప్రోగ్రాముకు బయల్దేరాం.

పుంగనూరులో పెళ్ళి రిసెప్షన్. పెళ్ళికూతురికి పెట్టిన స్టీలు సామాన్లన్నీ అందరూ చూడాలని స్టేజీ పక్కనే మెట్లు మెట్లుగా బల్లలు వేసి పేర్చారు. కింద అండాలు, పైన బిందెలు, ఆ పైన తట్టలు, అన్నిటికంటే పైన గోపురంలా నిలబెట్టిన గ్లాసులు. పేర్చినవాళ్ళెవరోగాని నైపుణ్యం కలవాళ్ళే. మా అమ్మ కుర్చీ ఆ బల్లల పక్కన పడింది.

మొదటి పాటకు నా నాబ్ అడుగునే ఉంచి వాయించాను. భాయ్ తలతిప్పి, కొంచెం పెంచమని కనుబొమలతో చెప్పాడు. నేను కొంచెమే తిప్పాను. గోరంత. ధామ్మని మోత లేచింది. బిందెలు తేనెటీగల్లా రొద పెట్టాయి. ఆ తర్వాత పైనున్న గ్లాసొకటి ఆలోచించి, ఆలోచించి, పడింది. దాని వెనకే తక్కినవన్నీ. ఆ చప్పుడు ముందు మా డ్రమ్స్ ఎందుకూ పనికిరాలేదు.

పెళ్ళికూతురు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్ళికూతురి తల్లి నవ్వలేదు. ఆమె స్టేజీ వైపు వస్తుంటే మా అమ్మ కుర్చీలోంచి లేచి, గ్లాసులు ఏరుతూ, "ఒక్కటి గూడా సొట్ట పళ్ళేదమ్మా. మంచి సామాను పెట్టినారు. ఈ కాలంలో ఇంత మందం యాడ దొరుకుతాది?" అంది. ఆమె అక్కడే ఆగిపోయి, ఆ సామాను తిరుపతిలో ఏ అంగట్లో ఎట్లా బేరమాడి కొన్నదో చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి గోపురం మళ్ళీ కట్టారు.

నేను మాత్రం ఆ సాయంత్రమంతా నాబ్‌తో కుస్తీ పట్టాను. అడుగున ఉంటే వినపడదు. గోరంత తిప్పితే పందిరి అదురుతుంది. ఆ తర్వాత సగానికి తిప్పినా, ముప్పాతికకు తిప్పినా, పూర్తిగా తిప్పినా పెద్ద తేడా లేదు. పెరగాల్సిందంతా మొదట్లోనే పెరిగిపోయింది.

తర్వాతి ప్రోగ్రాముకు భాయ్ ఆస్పత్రి ప్లాస్టర్ తెచ్చి నా నాబ్‌ను ఒకచోట అంటించేశాడు. "దీన్ని ముట్టుకోవద్దు బేటీ. నీకు దండం పెడతా." నాబ్ కదలకపోతే హుషారు పాటలకు మోత చాలదు, మెల్లటి పాటలకు ఎక్కువవుతుంది. ఒక జోలపాటకు నేను తోడు వాయిస్తే, ముందు వరుసలో తల్లి ఒళ్ళో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. మరుసటివారం నేను దారాలు కొనడానికి అంగడికి వెళ్తే, భాయ్ దారపు ఉండ చుట్టుతూ నా వైపు చూడకుండా అన్నాడు.

"కుప్పం ప్రోగ్రాముకు గిటారు ఇంట్లోనే పెట్టేస్తావా? నువ్వు రా. ఊరికే కోరస్ పాడు."

కోరస్ పాడటం చెడ్డపనేమీ కాదు. కానీ పుండ్లుపడి గట్టిపడిన నా వేళ్ళకు ఆ మాట ఎలా చెప్పను?

"కుప్పం పొయ్యే లోపల బాగుచేసుకుంటా భాయ్. కాకుంటే నేనే మానేస్తా," అన్నాను.

ఆ రోజుల్లోనే పదో తరగతికి లాగరిథమ్స్ చెబుతున్నాను. పది, వంద, వెయ్యి అని బోర్డు మీద రాసి, వాటి ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని రాస్తూ ఆగిపోయాను. ఒక డప్పు మోగే చోట ఇంకో డప్పు చేరితే వీధంతా తెలుస్తుంది. పది డప్పుల్లో పదకొండోది చేరితే ఎవరికి తెలుస్తుంది? చెవి కూడికలు చేయదు. ఎన్ని రెట్లయిందని మాత్రమే చూస్తుంది. సగం తిప్పితే సగం అనేది కాగితం మీద న్యాయం. చెవికి కాదు. చెవికి సమంగా పెరిగినట్టు అనిపించాలంటే కంట్రోలు మొదట్లో కొంచెం కొంచెం, చివర్లో ఎక్కువెక్కువగా ఇవ్వాలి. పిల్లలు నన్ను వింతగా చూస్తున్నారు. నేను బోర్డుకేసి చూస్తూ నవ్వుతున్నానట.

బడి విడవగానే రేడియో అంగడికి పోయాను.

"అన్నా, ఇట్ల వంపుగా పెరిగే కంట్రోలు ఉండాదా?"

"యాల లేదు? దాన్ని లాగ్ అంటారు. రేడియోలో శబ్దానికి వేసేది అదే గదా."

"మరి ఆ పొద్దే సెప్పలేదేం?"

"ఆ పొద్దు నువ్వు వంపడగలేదు. పట్టేదడిగినావు. స్విచ్ లేని లాగ్ మన ఊళ్ళో దొరకదమ్మా, బెంగుళూరే."

ఈ సంగతి చెబితే భాయ్‌కు కుతూహలం పుట్టింది. పైకి గొణిగినా, నేను మానేయడం ఆయనకూ ఇష్టం లేదు. బెంగుళూరులోని బామ్మర్దికి కబురు పెట్టాడు. ఆ బామ్మర్దికి సంగీతం దుకాణంలో ఎవరో "ఇంగ్లీషులో ‘ఏ’ అని అక్షరం ఉంటే లాగ్, ‘బీ’ అని ఉంటే లీనియర్" అని చెప్పారు. ఆయన ఊరంతా తిరిగి, ‘ఏ’ అని అచ్చేసిన కంట్రోళ్ళు రెండు వేరే ఎక్కడో కొని పంపాడు. కుప్పం బస్సుకు ముందురోజు సాయంత్రం, యాంప్లిఫైయర్ మూటగట్టేశాక, అవి చేతికొచ్చాయి. మదనపల్లె రేడియో ఆయన రెండూ బిగిస్తుంటే, మీటరు పెట్టి చూద్దామా అన్నాను.

"అక్షరం అచ్చేసి ఉండాది గదమ్మా. మీటరేం సెప్తాది ఇంతకంటే?"

సరేనన్నాను. అక్షరం మీద నమ్మకం లేకపోతే నేను టీచరెలా అవుతాను!

కుప్పంలో రాళ్ళ క్వారీ యజమాని ఒకాయనకు షష్టిపూర్తి. పుంగనూరు, పలమనేరు దాటి మధ్యాహ్నానికి చేరాం. పెద్దాయన స్వయంగా ఎదురొచ్చి, "మెల్లటి పాటలే పెట్టండప్పా. పగలంతా రాళ్ళు పగిలే మోత వింటానే ఉంటాను," అన్నాడు. భాయ్ నా వైపు చూశాడు. ఆ చూపు అర్థం నాకు తెలుసు.

పందిట్లో గిటారును యాంప్లిఫైయర్‌కు కలిపి, నాబ్ గోరంత తిప్పాను. ధామ్.

మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే. భాయ్ తన అకార్డియన్ పెట్టె మీద కూలబడి, "‘ఏ’ అంటే ఏమేమో అనుకున్నాం, ఇదీ ఆ పాత ధామే బేటీ," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మడత కుర్చీ మడిచి చంకలో పెట్టుకుంది.

"ఇంత ఊళ్ళో రేడియో బాగుచేసేటోడు ఒక్కడన్నా ఉండడా? లెయ్యండి, పోదాం."

రైలు స్టేషనుకు ఎదురుగా ఒకాయన దొరికాడు. తమిళం, కన్నడం, తెలుగు మూడూ కలిపి ఒకే మాటలో మాట్లాడతాడు. కంట్రోలు మీటరుకు తగిలించి, నాబ్‌ను సరిగ్గా నడిమికి తిప్పాడు. ముల్లుకు ఇటువైపు ఎంత చూపించిందో అటువైపూ అంతే చూపించింది.

"ఇది లీనియర్ తానే," అన్నాడు.

"ఏ అని ఉండాది గదా!" అన్నాడు భాయ్.

"ఒక దేశం సరుకులో ఏ అంటే లాగ్ సామీ. ఇంకో దేశం సరుకులో ఏ అంటే లీనియర్. మనకు అన్ని దేశాలదీ వస్తాది."

భాయ్ కాసేపు తన బామ్మర్ది గురించి ఉర్దూలో మాట్లాడాడు. అమ్మకు ఉర్దూ రాదు, అయినా అర్థమైంది.

అల్మారా పైన ఒక పాత రేడియో దుమ్ముకొట్టుకుని ఉంది. బాగుచేయడానికి వీలుకాదని సొంతదారే వదిలేసిపోయాడట. దాని కంట్రోలు అడిగాను. వెనక స్విచ్ ఉంది కదా అని భాయ్ గుర్తు చేశాడు. అంగడాయన స్క్రూడ్రైవరు మొన దూర్చి స్విచ్ డబ్బాను చిప్పలా లేపేశాడు. మిగిలింది గిటారు పొట్టలో కూర్చుంది. నడిమికి తిప్పి మీటరు పెడితే, ఒకవైపు చాలా తక్కువ, రెండోవైపు చాలా ఎక్కువ. నాకు కావలసిన వంపు అదే. కాడ పొడుగ్గా ఉంటే రంపంతో కోశాడు. అంతా అయ్యాక మా పాత నాబ్ ఆ కాడకు ఎక్కలేదు. చివరికి ఆ రేడియో నాబే పెట్టాం. దంతం రంగుది, అరచేతిలో సగం ఉంది.

"ఇంక పాట మధ్యలో వార్తలు గూడా వస్తాయి," అన్నాడు భాయ్. "వాతావరణం సెప్పేటప్పుడు రొంత పెంచు బేటీ."

ఆయన వెక్కిరించడం మొదలుపెట్టాడంటే మనసు కుదుటపడిందన్నమాట.

టోనుకు కూడా లాగ్ అయితే బాగుంటుందన్నాను. లీనియర్‌లో చాలాదూరం ఏమీ మారదు. కొసకు వచ్చాక పదునంతా ఒక్కసారి పోతుంది. కానీ పాత రేడియోలో ఉన్నది ఒక్కటే. పైగా భాయ్ ఒప్పుకోలేదు.

"టోను నువ్వు ఈ కొసన పెడతావు, లేకుంటే ఆ కొసన పెడతావు. నడుమ యాడైనా ఎప్పుడన్నా నిలిసినావా?"

నిలవలేదు.

సాయంత్రం షష్టిపూర్తి దంపతులు ఎదురుగా కూర్చున్నారు. మొదటి పాటే మెల్లటిది. నాబ్ అడుగునుంచి కొంచెం తిప్పాను. కొంచెమే వచ్చింది. ఇంకొంచెం తిప్పాను. ఇంకొంచెం వచ్చింది. ఇంత చిన్న విషయానికి ఇంత సంతోషం ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. చరణం దగ్గర పెంచాను, పాడే అమ్మాయి గొంతు దించినచోట తగ్గించాను. భాయ్ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆయన తల తిప్పకపోవడమే నాకు బహుమానం. పల్లవి మళ్ళీ వచ్చేసరికి పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. పక్కన ఆయన భార్య నిద్రపోతున్నాడేమోనని మోచేత్తో పొడిచింది.

"నిద్ర కాదే, వింటాండాను," అన్నాడాయన, మైకుకు కూడా వినపడేలా.

ఆ పాట మళ్ళీ వాయించమన్నాడు. రెండోసారి వాయిస్తూ పక్కకు చూస్తే అమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె జనంలో, మూడో నాలుగో వరుసలో, ఎవరో ముసలమ్మ పక్కన కూర్చుని నా వైపు చెయ్యి చూపించి ఏదో చెబుతోంది. అన్నేళ్ళలో ఆమె నన్ను ఎదురుగా కూర్చుని వినడం అదే మొదలు. ఏం చెప్పావమ్మా అని తిరుగు బస్సులో అడిగితే, "ఆ లావు గిటారు పట్టుకుండేది నా బిడ్డే అని సెప్పినా. ఇంకేముంటాది?" అని కిటికీ వైపు తిరిగింది.

ఎనభైల్లో కొన్నేళ్ళు అలాగే వాయించాను. ఆ దంతం రంగు నాబ్‌ను చూసి నవ్వనివాళ్ళు లేరు. టోను సంగతి మాత్రం నాకు మనసులో పీకుతూనే ఉంది. రెండు కొసల మధ్య ఏముందో ఎప్పుడూ వినలేదు కదా అని. ఒక వేసవి సెలవుల్లో బెంగుళూరు పోయినప్పుడు స్విచ్ లేని కంట్రోళ్ళు పెట్టెడు ఉన్న అంగడి కనపడింది. అక్షరాలు చూడకుండా ఒక్కొక్కటీ నడిమికి తిప్పి మీటరు పెట్టి చూడమని అంగడివాణ్ణి అడిగాను. వాడు విసుక్కుంటూనే చూశాడు. వంపున్నదాన్ని ఏరుకుని వచ్చి, మదనపల్లెలో టోనుకు బిగించాను. భాయ్‌కు చెప్పలేదు.

రామసముద్రంలో ప్రోగ్రాముకు ముందు రిహార్సల్. టోన్ నాబ్‌ను సగానికి కొంచెం ఇవతల ఆపాను. తీగ మోత మొద్దుగానూ లేదు, కీచుగానూ లేదు. బాగా మాగిన మామిడిపండులా ఉంది. భాయ్ అకార్డియన్ ఆపి నా వైపు తిరిగాడు. నాబ్ వైపు చూశాడు, నన్ను చూశాడు, మీసం దువ్వుకున్నాడు.

"ఏందో మార్చినావు. బాగుండాది. యాడ మార్చినావో మాత్రం సెప్పద్దు బేటీ. సెప్తే నీతో మళ్ళా కొట్లాడాల్సొస్తాది, ఈ పొద్దు నాకు గొంతు బాగలేదు."